యాదగిరి పంచిపెట్టిన సామాను

రెండువేల పదకొండులో దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో, పన్నెండు కంప్యూటర్లతో నాకొక గేమింగ్ సెంటర్ ఉండేది. కింద జిరాక్స్ షాపు, పైన కోచింగ్ సెంటర్, మధ్య అంతస్తులో మేము. ఆడమనిషి ఇలాంటిది నడపడమేమిటని మొదట్లో చాలామంది మెట్ల దగ్గరే ఆగి తొంగిచూసి పోయారు. పదేళ్ళు డీటీపీ చేసి, పెళ్ళి కార్డులు కొట్టి కొట్టి విసుగెత్తి పెట్టుకున్న సెంటర్ అది. ఎవరేమనుకున్నా నేను పట్టించుకునే రకం కాదు.

నలుగురైదుగురు ఒక జట్టుగా కూడి మాయల కోటల మీదికి, రాక్షసుల మీదికి వెళ్ళే ఆన్‌లైన్ ఆటలకు మా సెంటర్ పెట్టింది పేరు. ఆటలో దిగే ముందు ప్రతి ఒక్కరూ ఒక క్లాస్ ఎంచుకోవాలి. క్లాస్ అంటే ఆ కథలో మీరు చేసే వృత్తి అనుకోండి. వారియర్ ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు. మేజ్ దూరం నుంచి నిప్పులు కురిపిస్తాడు. ఆర్చర్ బాణాలు వేస్తాడు. హీలర్ అందరికంటే వెనక నిలబడి దెబ్బ తిన్నవాళ్ళకు మంత్రంతో బలం పోస్తాడు, పడిపోయినవాళ్ళను లేపుతాడు. తెర మీద ప్రతి పేరు కింద ఒక ఆకుపచ్చ గీత ఉంటుంది. అది ఆ మనిషి ప్రాణం. తగ్గుతున్న గీతను కనిపెట్టి నింపడమే హీలర్ పని.

ఏళ్ళ తరబడి చూశాక, ఎవడు ఏ క్లాస్ పడతాడో మెట్లెక్కే తీరును బట్టే చెప్పగలననుకునేదాన్ని. నాకిష్టమైన క్లాస్ ఆర్చర్. ఎవరి దగ్గరికీ పోకుండా దూరం నుంచే పని కానివ్వొచ్చు. నా తత్వం కూడా అదే. హీలర్ మాత్రం ఎవరికీ అక్కర్లేదు. చీటీలు వేసి, ఎవడి పేరు వస్తే వాడి నెత్తిన రుద్దేవాళ్ళు. ఆ క్లాస్‌ను కోరి తీసుకున్నవాణ్ణి నేను ఒక్కణ్ణే చూశాను.

అతని పేరు యాదగిరి. పోచంపల్లి పక్కన ఊరు, నేత కుటుంబం. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. పైన కోచింగ్ సెంటర్లో ఎస్సై పరీక్షకు చదువుతూ కొత్తపేటలో గది తీసుకుని ఉండేవాడు. ఆరడుగుల మనిషి. పొద్దున్నే సరూర్‌నగర్ స్టేడియంలో పరుగు తీసి, ఆ బూట్లతోనే కోచింగ్‌కు వచ్చేవాడు. మధ్యాహ్నం ఒక గంట మా దగ్గర కూర్చునేవాడు. అంత మనిషి మొదటిరోజు అన్ని క్లాసులూ నిదానంగా చదివి హీలర్ మీద నొక్కితే నాకు నవ్వాగలేదు.

"పోలీసోన్ని అయిత అనుకుంట గిదేంది యాదగిరీ? కత్తి పట్టరాదు?" అన్నాను.

"కొట్టేటోళ్ళు మస్తుగున్నరు గద అక్కా. చిన్నప్పుడు నాయిన మగ్గం మీద కూసుంటే, తెగిన పోగులు అతుకుడే నా పని. గదే అలవాటైంది" అన్నాడు.

తన బొమ్మకు పోగు అని పేరు పెట్టుకున్నాడు.

అతని జట్టులో వారియర్ కిశోర్. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ కుటుంబం, ఇంజనీరింగ్ ఆఖరి ఏడు. ముందూ వెనకా చూడకుండా దూకే రకం. "యాదగిరి అన్నయ్య వెనకాల ఉంటే నాకేం భయమండీ?" అనేవాడు. ఆ మాట నిజం. కిశోర్ గీత సగానికి దిగేలోపే యాదగిరి మంత్రం వచ్చి పడేది. ఒకసారి చూస్తే కిశోర్ బతికే ఉన్నాడు, యాదగిరి బొమ్మ వెనకాల ఎప్పుడో నేల మీద పడి ఉంది. చాలాసేపు ఎవరూ గమనించలేదు. అందరం తెగ నవ్వుకున్నాం.

ఆ ఏడాది రోడ్డు మీద రోజూ ఊరేగింపులే. బంద్ పిలుపు వస్తే షటర్ సగం దించి, లోపల నడిపేవాళ్ళం. యాదగిరి పొద్దున ఊరేగింపులో నినాదాలిచ్చి, గొంతు బొంగురుపోయి మధ్యాహ్నం వచ్చి కిశోర్ పక్కన కూర్చునేవాడు. పక్క కంప్యూటర్ నుంచి ఒకడు ఎకసెక్కంగా, "ఏందన్నా, బయట జై తెలంగాణ, లోపల ఆంధ్రోని పానం కాపాడుడా?" అన్నాడు. కిశోర్ మొహం మాడిపోయింది. యాదగిరి తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "రాష్ట్రం రావాలె. కిశోర్ సావొద్దు. నాకు రెండూ గావాలె" అన్నాడు. ఆ తర్వాత మా సెంటర్లో ఆ మాట మళ్ళీ ఎవడూ ఎత్తలేదు.

అతని పరీక్ష మాత్రం కదలలేదు. ఇవాళ రేపు అంటూనే నెలలు గడిచాయి. ఇంకో ఏడాది పోతే వయసు దాటిపోతుంది. ఇంటి దగ్గర తండ్రికి చూపు తగ్గి మగ్గం దిగాడు, అక్క నూలుకు రంగులద్ది పంపిన దాంతోనే ఇక్కడ గది, భోజనం. ఇవన్నీ అతను నాతో విడివిడిగా, మాటల మధ్యలో చెప్పినవే. నేను వాటిని ఒకచోట పెట్టి చూడలేదు. ఒకరోజు చెప్పులతో వచ్చాడు.

"ఉరుకుడు బంద్ పెట్టినవా ఏంది?" అన్నాను.

"పరీక్షనే లేకపాయె. ఉరికి యాడికి పోవాలె అక్కా?"

అదేదో చమత్కారం అనుకుని నవ్వాను.

ఇక్కడ ఈ ఆటల ఆనవాయితీ ఒకటి చెప్పాలి. ఎవరైనా ఆట మానేసి పోతుంటే తన బొమ్మ దగ్గరున్న సామానంతా మిగతావాళ్ళకు పంచి పోతాడు. ఉద్యోగం వచ్చినవాడు పంచుతాడు, పెళ్ళి కుదిరినవాడు పంచుతాడు, బెంగళూరు పోయేవాడు పంచుతాడు. పంచుతున్నాడంటే వాడి దశ తిరిగిందని అర్థం. వెంటనే అందరూ మూగి పార్టీ ఎప్పుడని పీక్కుతినడం మా దగ్గర రివాజు.

సమ్మె మొదలై బస్సులు ఆగిపోయిన రోజుల్లో, ఒక గురువారం మధ్యాహ్నం యాదగిరి వచ్చాడు. సెంటర్లో నలుగురు కూడా లేరు. ఆరో నంబరు దగ్గర కూర్చుని తన ఉంగరాలు, మందు సీసాలు, అంగీ అన్నీ కిశోర్‌కు ఇచ్చేశాడు. కిశోర్ ఆ రోజు ఇంటి నుంచి ఆడుతున్నాడు. నేను కౌంటర్లో నా ఆర్చర్‌తో ఉన్నాను. పోగు వచ్చి నా బొమ్మ ఎదురుగా నిలబడి, తన మంత్రదండం ఇచ్చాడు. జట్టంతా మూడు నెలలు కష్టపడితే దొరికిన దండం అది. హీలర్ శక్తంతా అందులోనే ఉంటుంది.

"నౌకరొచ్చిందా ఏంది? స్వీట్లేవి?" అని అరిచాను కౌంటర్ నుంచే.

నవ్వాడు. లేచి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "మీ దగ్గరుంటే జాగర్తగుంటది అక్కా" అన్నాడు.

"ఆర్చర్‌కు దండం ఎందుకయ్యా? అమ్ముకుంట, మల్ల అడగొద్దు."

"మీ ఇష్టం."

చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అరగంట ఉంటుంది. బల్ల మీది పెన్ను మూత తీశాడు, పెట్టాడు. సమ్మె ఎన్నాళ్ళుంటుందో అడిగాడు. మా అమ్మకు మోకాళ్ళెట్లున్నాయని అడిగాడు. నేను జవాబులు చెబుతూనే ఉన్నాను, తల మాత్రం ఎత్తలేదు. నా బొమ్మ సంచిలో ఆ దండానికి చోటు లేక, పాత బాణాలు ఒక్కొక్కటీ తీసి పారేస్తున్నాను. అతను పోయొస్తానంటే, ఊఁ అన్నాను.

శనివారం కిశోర్ ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చాడు. మెట్ల మీదే కూలబడ్డాడు. "అక్కా, యాదగిరి అన్నయ్య ఇక లేడండీ" అన్నాడు. గదిలో తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఉత్తరం లేదు.

సాయంత్రం అతనితో ఊరేగింపుల్లో తిరిగిన నలుగురు కుర్రాళ్ళు వచ్చి, అన్న మీ కంప్యూటర్లో ఏమైనా రాసి పెట్టాడా అని అడిగారు. మా వృత్తిలో ఒక ఏర్పాటు ఉంటుంది. వైరస్‌ల బెడద లేకుండా, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే ఆ రోజు చేసినదంతా తుడిచిపెట్టే సాఫ్ట్‌వేర్ వేసుకుంటాం. గురువారం అతను ఏదైనా రాశాడో లేదో నాకు తెలియదు. రాసి ఉంటే, సెంటర్ మూస్తూ తుడిచింది నేనే. వాళ్ళు అతని ఫొటో పెట్టి రాష్ట్రం కోసం ప్రాణమిచ్చాడని ఫ్లెక్సీ కట్టారు. అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. అడగాల్సిన రోజు అడగనిదాన్ని, అవునో కాదో చెప్పడానికి నేనెవరిని?

దినాలయ్యాక అతని అక్క వచ్చింది. పేరు అండాలు. వేళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా పోలేదు. ఇక్కడేం చేసేవాడో చూస్తానంది. ఎవరు పాస్‌వర్డ్ మర్చిపోయినా ఉంటుందని అందరివీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. అందులో చూసి పోగును తెరిచాను. ఆటలోని ఊరి చావడి దగ్గర నిలబడి ఉన్నాడు.

"గిది మా తమ్ముడా?" అంది. వేలితో తెరను తాకింది. "చేతులల్ల ఏం లేదేంది అక్కా? ఒంటి మీద అంగీ సుత లేదు."

దాచిపెట్టాలనిపించింది. అయినా చెప్పాను. పంచి పోవడం ఆనవాయితీ అని, దండం నాకే ఇచ్చాడని.

"గప్పుడు మీరేమన్నరు?"

"నౌకరొచ్చిందా అని అడిగిన చెల్లె. స్వీట్లు అడిగిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "దాని ముందటి ఆదివారం ఊరికొచ్చిండు. చేతి వాచీ ఇప్పి మా ఇంటాయనకు పెట్టిండు. నౌకరైతే కొత్తది కొంటడులే అని నేను సుత నవ్విన" అంది. తర్వాత, "గీ బొమ్మ ఏం జేస్తది?" అని అడిగింది.

"పడిపోయినోళ్ళను లేపుతది."

"అది పడితే?"

"ఇంకొకలు లేపాలె. దానంతట అది లేవది."

అండాలు కొంగుతో మొహం తుడుచుకుని మెట్లు దిగింది. నేను ఆ రోజు షటర్ దించి, లోపల ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

తర్వాత నా కౌంటర్ దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరు సామాను పంచుతున్నా ఆట ఆపి, ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎందుకని అడిగేదాన్ని. చాలామందికి ఒళ్ళు మండేది. ఉద్యోగం వచ్చిందని చెబితే ఆర్డర్ చూపించమనేదాన్ని. ఈమెకు పిచ్చి పట్టిందని పక్క సెంటర్‌కు పోయినవాళ్ళున్నారు. పోనీ అనుకున్నాను. కిశోర్ కత్తి వదిలేసి హీలర్ అయ్యాడు. బాగా ఆడేవాడు కాదు, అయినా ఆ క్లాస్ మార్చలేదు.

కొన్నేళ్ళకు అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చి సెంటర్లో ఈగలు తోలుకునే రోజులు దాపురించాయి. మూసేద్దామనుకున్నాను. చివరి మధ్యాహ్నం నా ఆర్చర్ సామాను కూడా పంచాను. దండం కిశోర్‌కు పంపాను. అప్పటికి అతను ఉద్యోగం చేస్తున్నా ఆట మానలేదు. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అక్కా, ఎక్కడున్నారు? ఎందుకు పంచుతున్నారు?"

"సెంటర్ బంద్ జేస్తున్న కిశోర్, గంతే."

"నిజం చెప్పండి. పెట్టేయకండి, నేను వస్తున్నాను, మాట్లాడుతూనే ఉండండి." బండి స్టార్ట్ చేసిన చప్పుడు, హారన్లు వినిపించాయి. మెట్లెక్కి వచ్చి నన్ను కళ్ళారా చూసేదాకా ఫోన్ పెట్టలేదు.

ఎందుకు పంచుతున్నావు? అడగడానికి రెండు నిమిషాలు పట్టని ప్రశ్న. యాదగిరి నా బల్ల ముందు నిలబడి దానికోసం నాకు అరగంట ఇచ్చాడు.