ఉంగరంలో నా చిటికెన వేలు

అన్నింట్లో వేలు పెట్టే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పెట్టి కాల్చుకున్న సందర్భాలు బోలెడున్నా, మా ఆవిడ వజ్రపుటుంగరంలో పెట్టినంత తెలివితక్కువగా మరెక్కడా పెట్టలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఈలోగా బజారు మొత్తానికీ తెలిసిపోయింది కాబట్టి, ఇప్పుడు ఒప్పుకోవడంలో నా గొప్పేమీ లేదు.

మాది బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. తాతగారు ఇత్తడి అమ్మారు, నాన్నగారు అల్యూమినియం అమ్మారు, నేను స్టీలు అమ్ముతున్నాను. ఏ గిన్నె చేతికిచ్చినా కుడిచేతి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టి, చప్పుడు విని, అడుగు మందమెంతో చెప్పగలను. "సన్నం అడుగుది తీస్కపోకమ్మా, పాలు మాడుతయి" అని రోజుకు పదిమందికి బుద్ధి చెప్పే నోరు నాది. ఆ బుద్ధి గల్లాపెట్టె దాటి ఇంటిదాకా రాలేదు. అదే వచ్చిన చిక్కు.

మా పెళ్లయి పాతికేళ్లు నిండే సంవత్సరం. ఏం కావాలని మా ఆవిడనడిగాను. ఆవిడ ఎప్పుడూ ఏదీ అడగదు గనక ధైర్యంగా అడిగాను. ఈసారి అడిగింది.

"ఏలికి ఒక వజ్రం ఉంగరం కావాలె. కాని పెట్టెల పండుకునేది వద్దు. ఉన్న నగలన్ని బ్యాంకుల పండుకునే ఉన్నయి. పెళ్లి ఉంటె లేపుకొస్తం, అయినంక మళ్ల పండవెడ్తం. నా నగలను నేనే చుట్టం లెక్క చూసొస్తున్న. గిది ఏలికి ఎక్కితె మళ్ల దిగొద్దు. అంట్లు తోమినా, కుట్టుపని చేసినా ఉండాలె. అట్ల ఉండనిదైతె నాకు అసలే వద్దు."

ఆవిడ కిషన్‌బాగ్‌లోని మా ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. గల్లీలో సగం మంది ఆడవాళ్ల భుజాల కొలతలు ఆవిడకు నోటికొచ్చు. నోటికి రానిది నా కొలత ఒక్కటే. నేనెంత తెలివితక్కువవాణ్ణో ఆవిడ ఇప్పటికీ అంచనా కడుతూనే ఉంది.

చార్‌కమాన్ వెనక గల్లీలో మాకు తెలిసిన కంసాలి ఒకాయన ఉన్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. పొట్టి బల్ల ముందు మఠం వేసుకుని కూర్చుంటాడు. కంటికి భూతద్దంలాంటి బుడ్డి అద్దం, నోట్లో వక్క. రోజూ పెట్టుకునే ఉంగరమంటే ఆయన వెంటనే బంగారం ముట్టుకోడు. ముందు అదే కొలతకు సాదా వెండి ఉంగరం చేసి, అద్దంలా మెరుగుపెట్టి ఇస్తాడు. పెట్టుకోబోయే మనిషి దాన్ని ఎనిమిది రోజులు తీయకుండా పెట్టుకుని తిరిగి తెచ్చివ్వాలి. దానిమీద పడ్డ గీతలు చూసి ఆ చెయ్యి ఏమేం పని చేస్తుందో చెబుతాడు. బంగారం ఎంత మందం ఉండాలో, రాయిని ఎంత ఎత్తున కూర్చోబెట్టాలో అప్పుడే తేలుస్తాడు.

"మనుషులను అడిగితె ఏం లాభం సేట్" అన్నాడు. "నా ముంగట కూసుంటె అందరు పట్టుపరుపుల మీద బతికేటోళ్ల లెక్కనే చెప్తరు. నాకు గీతలు కావాలె."

మా ఆవిడ పాత ఉంగరం కొలతకు వెండి నమూనా చేసిచ్చాడు. దాన్ని నేరుగా తీసుకెళ్లి ఆవిడ చేతికిచ్చి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఇస్తే ఉంగరం సంగతి ముందే తెలిసిపోతుంది. పాతికేళ్లకు ఒకసారి ఆశ్చర్యపరిచే అవకాశం వచ్చింది, దాన్ని వెండిపాలు చెయ్యడమెందుకనుకున్నాను. జేబులోంచి తీసి నా ఎడమచేతి చిటికెన వేలికి పెట్టి చూశాను. సరిగ్గా సరిపోయింది. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఎనిమిది రోజులకు వేలు ఎవరిదైతే ఏమిటనిపించింది.

"ఏందండి గిది?" అంది మా ఆవిడ ఆ సాయంత్రం.

"శనికి" అన్నాను.

"ఎవరికి పట్టింది, మీకా, నాకా?" అంది. జవాబు నెలన్నర తరువాత తెలిసింది.

దుకాణంలో గిన్నెలు కొట్టేది నా కుడిచెయ్యి. ఎడమచెయ్యి చాయ్ సాసర్ పట్టుకుంటుంది, పేపర్ పేజీ తిప్పుతుంది, మిగతా సమయం తొడమీద విశ్రాంతిగా ఉంటుంది. ఎనిమిది రోజులూ ఆ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, అంటే ఏమీ చెయ్యలేదు. తొమ్మిదోరోజు నమూనా తీసుకెళ్లి కంసాలి ముందు పెట్టాను. ఆయన బుడ్డి అద్దం కింద చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఇంటామెనే పెట్టుకున్నదా సేట్?"

"మరి?" అన్నాను. అది అబద్ధం కాదు, ప్రశ్న. ఆనాటి నుంచీ నన్ను నేను అలాగే సమర్థించుకుంటున్నాను.

"మస్తు అదృష్టవంతురాలు. ఎనిమిది దినాలల్ల ఒక్క గిన్నె ముట్టలె. ఇగో, ఒక్కటే గీత ఉన్నది. గది గూడ సాసర్‌ది. గీ చేతికి పువ్వు కాడంత సన్నంగ చేసినా ఏం కాదు."

నాకు కావలసింది కూడా నాజూకే. అందుకని సంతోషంగా తలూపాను. దారమంత సన్నటి బంగారు కడ్డీ, దానిమీద నాలుగు సన్నని గోళ్లు, ఆ గోళ్ల చివర్లో గాలిలో నిలబెట్టినట్టు రాయి. అది చూస్తే ఎవరికైనా ఊపిరి బిగపట్టాలనిపించేది. గట్టిగా ఊదితే ఎగిరిపోతుందేమోనని కూడా కావచ్చు.

మా ఆవిడ పెట్టుకుంది. చెయ్యి దూరంగా పెట్టి చూసుకుంది, దగ్గరగా పెట్టి చూసుకుంది. "బాగున్నది" అని రెండుసార్లు అంది. ఆవిడ నోట ఏ మాటా రెండుసార్లు రావడం నేనెరగను, మందలింపు తప్ప.

మొదటి వారం ఉంగరం ఆవిడ జుట్టు పట్టుకుంది. రెండోవారం తువ్వాల పట్టుకుంది. మూడోవారం ఒక పెళ్లికూతురి జాకెట్టు చెయ్యిమీది జరీ దారాన్ని పట్టుకుని జానెడు దూరం లాక్కొచ్చింది. ఆ చెయ్యి మొత్తం విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. అన్నిటినీ అంత గట్టిగా పట్టుకున్న ఆ గోళ్లు పట్టుకోవాల్సిన రాయిని మాత్రం మెల్లమెల్లగా వదిలేస్తున్నాయి. కడ్డీ కూడా కత్తెర పట్టీ పట్టీ గుండ్రదనం పోగొట్టుకుని కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. అయినా ఆవిడ తియ్యలేదు. మాటంటే మాటే.

ఒక ఆదివారం పొద్దున జొన్నరొట్టెలు చేస్తోంది. జొన్నరొట్టెను కర్రతో ఒత్తరు, అరచేత్తో టపటపా కొట్టి పెద్దది చేస్తారు. నేను రెండు తిని మూడోదాన్ని తుంచి నోట్లో పెట్టుకున్నాను.

"నమలకుండ్రి" అంది ఆవిడ.

ఆ గొంతు విని దవడ ఎక్కడిదక్కడ ఆపేశాను. ఆవిడ చెయ్యి చూపించింది. నాలుగు గోళ్లూ ఉన్నాయి, మధ్యలో రాయి లేదు.

నోట్లోది పళ్లెంలోకి తీసి వేళ్లతో చిదిపి చూశాం. లేదు. పిండి జల్లెడ పట్టాం. లేదు. పొయ్యిగట్టు తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ కూడా దులిపాం. లేదు. ఆవిడ నా పొట్టవైపు చూసింది.

"రెండు తిన్నరు గద?"

"తిన్న."

"అయితె ఎల్లుండిదాక ఎక్కడికి పోకుండ్రి."

దుకాణం మానేసి ఇంట్లో కూర్చోవడానికి నేను కారణాలు వెతుక్కున్న రోజులున్నాయి గాని, ఇలాంటి కారణం ఎప్పుడూ దొరకలేదు. అదృష్టం బాగుండి ఆ గండం తప్పింది. పెనంమీద మాడుతున్న నాలుగో రొట్టెను తిరగేస్తే, రాయి అందులో పొదిగినట్టు కూర్చుని మెరుస్తోంది. కంసాలి చేతికంటే జొన్నపిండే దాన్ని గట్టిగా పట్టుకుంది.

మా ఆవిడ రాయిని కడిగింది, ఉంగరం తీసింది, రెండింటినీ పసుపు డబ్బా మూతలో పెట్టి నా ముందుకు జరిపింది.

"బ్యాంకుల పెట్టి రాండ్రి. మిగిలినయాటి పక్కకు పండుకుంటది."

అరిచి ఉంటే ఓర్చుకునేవాణ్ణి. ఖాళీ అయిన వేలిని ఇంకో చేత్తో రుద్దుకుంటూ మళ్లీ రొట్టెలు కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడ అడిగింది ఒకే ఒక్కటి. అదీ నిలబెట్టలేకపోయాను.

మర్నాడు బలవంతాన ఆవిడను చార్‌కమాన్‌కు తీసుకెళ్లాను. కంసాలి కోడిగుడ్డు ఉంగరాన్ని చూశాడు, మా ఆవిడ చేతిని చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"నేను చదివిన చెయ్యి గిది కాదు సేట్."

ఇక దాచి లాభం లేదు. చిటికెన వేలు ఎత్తి చూపించాను. ఆయన బుడ్డి అద్దం తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నా వేలిని చూశాడు. తరువాత భుజాలు కదిలేలా నవ్వాడు.

"అంటె, నా చెయ్యి ఏం పని చెయ్యదని రాసుకున్నరా అన్నా?" అంది మా ఆవిడ.

"నీది కాదు చెల్లె, సేట్‌ది. తప్పు చదవలె నేను, కరెక్టే చదివిన."

ఈసారి కొత్త నమూనా ఆవిడే పెట్టుకుంది. ఎనిమిది రోజుల తరువాత దానిమీద అద్దం ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది. కంసాలి ఒక్కొక్క గీతమీదా సూది మొన పెట్టి చెప్పాడు.

"లోపలి దిక్కున్నది కత్తెర. గివి సన్నగ గుండ్రంగ తిరిగినయి చూడు, పీచు. గిది కుక్కర్ పిడి. మరి గిదేంది, గింత లోతు? దేనికో గుద్దినట్టున్నది."

"గేటు గొళ్లెం అన్నా. పట్టేసి ఉంటది. మూడేండ్ల సంది బాగుచేపియ్యమంటున్న."

ఇద్దరూ నావైపు తిరిగారు. గొళ్లెం మర్నాడే బాగుచేయించాను.

కానీ ఇంకో పేచీ ఉంది. గట్టిగా చెయ్యాలంటే కడ్డీ వెడల్పు పెంచాలన్నాడు కంసాలి. మా ఆవిడ ఒప్పుకోలేదు. "మోటుగ వద్దు. మా మామ ఏలికున్నట్టుంటది. సన్నంగనే ఉండాలె, వంగద్దు." రాయిచుట్టూ బంగారు గట్టు కడతానంటే, "వెలుతురు యాడికెల్లి పోతది?" అంది. ఆయన వక్క నములుతూ ఉంగరాన్ని పక్కకు తిప్పి పట్టుకున్నాడు.

చివరికి తేల్చింది ఇదీ. పైనుంచి చూస్తే కడ్డీ మునుపటంత సన్నమే. మందమంతా వేలివైపు, లోతులో దాచాడు. అరచేతి దిక్కున, కత్తెర ఒరుసుకునే చోట, ఇంకాస్త పెంచాడు. రాయిని గాలిలోంచి దించి వేలికి ఆనించినట్టు కూర్చోబెట్టి, చుట్టూ వెంట్రుకంత గట్టు కట్టి, ఆ గట్టుకు రెండు పక్కలా వెలుతురు కోసం చిన్న కిటికీలు కోశాడు. అంచులన్నీ నున్నగా రుద్దాడు. మా ఆవిడ సంచిలోంచి ఒక పట్టుముక్క తీసి, ఉంగరాన్ని దానిమీద అటూ ఇటూ నాలుగుసార్లు ఈడ్చింది. ఒక్క పోగు లేవలేదు. అప్పుడు పెట్టుకుంది. ఇవాళ్టిదాకా తియ్యలేదు.

అక్కడితో నా కష్టాలు తీరాల్సింది. కానీ కంసాలికి గీతలు చదవడమే కాదు, చదివింది వినిపించడం కూడా అలవాటని తెలియదు నాకు. నమూనా ఇచ్చిన ప్రతివాడికీ, "మీ ఇంటామెనే పెట్టుకోవాలె. ఒక స్టీలు సేట్ ఉన్నడు..." అని మొదలుపెట్టేవాడు. నా వెండి నమూనాను, ఆ ఒక్క సాసర్ గీతతో సహా, అందరికీ చూపించడానికి డబ్బాలో దాచిపెట్టుకున్నాడు. బజారులో నా పేరు ఖాళీ చెయ్యి సేట్‌గా స్థిరపడింది.

మొన్న ఎండాకాలం ఆయనే మా దుకాణానికి వచ్చాడు.

"సేట్, మా ఇంటామెకు పాలగిన్నె కావాలె. దినాం వాడేటిది. ఆమెకు చెప్పలె, తీస్కపోయి ముంగట పెడ్త." అని, నడుము సన్నగా, అడుగు కాగితమంత పల్చగా ఉన్న గిన్నెను ముచ్చటపడి పట్టుకున్నాడు.

నాకు పాతికేళ్లకోసారి వచ్చే అవకాశాల్లో ఇది రెండోది.

"ముందుగాల నమూనా అన్నా" అని అద్దంలాంటి గిన్నె ఒకటి చేతిలో పెట్టాను. "ఎనిమిది దినాలు పాలు కాగబెట్టి, తోమి, తిరిగి తేండ్రి. ఇంటామెకు తెల్వద్దంటున్నరు గద, మీరే కాగబెట్టాలె, మీరే తోమాలె."

నవ్వుతూనే తీసుకెళ్లాడు. తొమ్మిదోరోజు తెచ్చాడు. ఆ సమయానికి జల్‌పల్లిలో కొత్త ఇంటికని సామాన్లు కొనడానికి వచ్చిన తల్లీకూతుళ్లు నా ముందున్నారు. గిన్నె నిండా గీతలే. మా ఆవిడ నమూనాకు ఏమాత్రం తీసిపోదు.

"అన్నా, మీ బుడ్డి అద్దం ఒక్కసారి ఇస్తరా" అన్నాను.

ఇచ్చాడు. కంటికి పెట్టుకుని, గిన్నెను మెల్లగా, ఆయన తిప్పినంతసేపూ తిప్పాను.

"తోమితె గీతలు గుండ్రంగ తిరుగుతయి. గివన్ని ఒక్క దిక్కే పోతున్నయి, దువ్వినట్టు. గిది పీచు కాదు, మీ బల్లమీది గరుకు కాయితం."

వక్క నమలడం ఆగిపోయింది.

"అడుగున మంట మచ్చ ఒక్కటే ఉన్నది. ఎన్నిసార్లు కాగబెట్టిండ్రు?"

"ఒక్కసారి" అన్నాడు.

"పొంగినయా?"

"పొంగినయి. పొయ్యి గూడ నేనే తుడిచిన."

కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లికి ఆ ఓపిక కూడా లేదు, పైకే నవ్వేసింది. మందం అడుగున్న పాలగిన్నె ఒకటి కణుపుతో కొట్టి వినిపించి, కాగితం చుట్టి ఆయనకిచ్చాను. గరుకు కాయితం గిన్నెను మాత్రం గల్లాపెట్టె పైన మేకుకు తగిలించాను. అడిగినవాళ్లకూ, అడగనివాళ్లకూ చదివి వినిపిస్తున్నాను.

వారానికోసారి ఆ దారిన పోతూ ఆగుతాడు. "అది దించరాదా సేట్" అంటాడు.

"ఎక్కింది దిగొద్దన్నా" అంటాను. "మా ఇంటామె పెట్టిన కాయిదా."