పెట్టె తెచ్చినవాడి ఇనాం

మొన్న మా అమ్మాయి ఢిల్లీ నుంచి విమానంలో వచ్చింది. మనిషి వచ్చింది గానీ సూట్‌కేసు రాలేదు. మర్నాడు మధ్యాహ్నం కొరియరు అతను దాన్ని ఇంటికి తెచ్చిచ్చాడు. అమ్మాయి నావైపు తిరిగి, "నాన్నా, ఇతనికేమైనా ఇవ్వాలా? జీతం కంపెనీ ఇస్తుంది కదా" అని గొంతు తగ్గించి అడిగింది. మామూలు ప్రశ్నే. నేను మాత్రం "ఇవ్వు. అతను తీసుకునేదాకా పోనివ్వకు!" అని ఒక్క అరుపు అరిచి గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. ముసలాయన చాదస్తం అనుకుని ఉంటుంది. చాదస్తం కాదు తల్లీ, భయం. నలభై ఏళ్ళ నాటి భయం.

ఎనభైల మొదట్లో నేను చేసింది సరిగ్గా ఆ కొరియరు అతని పనే. అప్పట్లో దానికి ఆ పేరు లేదు. బేగంపేట విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు బొంబాయిలో విమానం మారాలి. మనిషి ఒకరోజు, పెట్టె ఇంకోరోజు రావడం మాకు రోజూ ఉండే తంతే. అలా వెనకబడ్డ పెట్టెల్ని వ్యానులో వేసుకుని ఇళ్ళకు చేర్చి సంతకం తీసుకురావాలి. అడ్రసులు చాలావరకు పాతబస్తీవే. మేముండేది మాదన్నపేటలో కాబట్టి ఆ గల్లీలు నాకు బాగా తెలుసునని నన్ను పెట్టుకున్నారు.

పెట్టె దిగిందంటే ఇంటి ముందు పండగే. కంబళ్ళు, టేప్‌రికార్డర్లు, అత్తరు సీసాలు, ఎవరికేం వచ్చిందోనని గల్లీ అంతా పోగయ్యేది. ఆ సంబరంలో తెచ్చినవాడి చేతిలో చక్కెర పోసి, మంచినీళ్ళిచ్చి, ఒక నోటు పెట్టేవాళ్ళు. దాన్ని ఇనాం అనేవాళ్ళు. హిందువుల ఇంట్లోనూ అంతే, ముసల్మానుల ఇంట్లోనూ అంతే.

నేను పుచ్చుకునేవాణ్ణి కాదు. అదొక పొగరు నాకు. మా నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా. పనిమీద వచ్చినవాళ్ళు ఇప్పించిన టీ కూడా ముట్టుకోని మనిషి. "జీతమొస్తోంది కదా, మళ్ళీ చెయ్యి చాపడమేమిట్రా, సిగ్గులేకుండా!" అనేవాడు. ఆ మాట నాకు నరాల్లో పట్టేసింది. ఎవరైనా నోటు తీస్తే నాకు ఒళ్ళు మండేది. నన్నేదో అడుక్కునేవాడి కింద జమకట్టినట్టు లెక్క. ముక్కు మీద కోపం అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉంది. దాని మూలాన నేను పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి గానీ, ఇక్కడ చెప్పేది ఇంకొకరు పోగొట్టుకున్న దాని గురించి.

మా వ్యాను డ్రైవరుది ఫలక్‌నుమా. నాకంటే పదేళ్ళు పెద్ద. భాయ్ అని పిలిచేవాణ్ణి. అతను ఇనాం తీసుకుని కళ్ళకద్దుకుని జేబులో వేసుకునేవాడు. నేను వద్దని ముఖం మాడ్చుకుంటే నవ్వేవాడు. "సాబ్, నువ్వు తీస్కోవు. నేను తీస్కుంటే గుర్రుగ చూస్తవు. ఇద్దరం ఉపాసముందామా?" అని ఎక్కిరించేవాడు.

ఒక వేసవిలో ఛత్రినాక అడ్రసుతో ఒక పెట్టె వచ్చింది. నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి, మూత మీద నీలం పెయింటుతో పేరూ అడ్రసూ రాసిన చెక్కపెట్టె. మామూలుగా సామాను రానివాళ్ళు విమానాశ్రయంలోనే కంప్లైంటు కాయితం రాసి సంతకం పెడతారు. ఈ పెట్టెకు ఆఫీసువాళ్ళే రాసుకున్న కాయితం మీద సంతకం గడి ఖాళీగా ఉంది. అంటే ఆ మనిషి పెట్టె ఏదని అడగడానికి రానేలేదు. నాలుగు రోజులు గోడవారన పడి ఉన్నాక, అడ్డంగా ఉందని ఆఫీసువాళ్ళు మూత మీది అడ్రసు చూసి పంపేయమన్నారు. ఆ ఖాళీ గడి నేను పొద్దున్నే చూశాను. ఎవడో బద్ధకస్తుడు అనుకున్నాను. ఆ తర్వాత ఎన్ని రాత్రులు ఆ గడి నా కళ్ళ ముందుకొచ్చిందో చెప్పలేను.

గల్లీలోకి వ్యాను పోదు. భాయ్, నేనూ కలిసి పెట్టె మోసుకెళ్ళి గడప ముందు దించాం. వెనక రిక్షాలు ఆగిపోయి లొల్లి చేస్తుంటే వ్యాను పక్కకు తీయడానికి అతను వెళ్ళిపోయాడు. తలుపు తీసింది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. చేతులకు పిండి ఉంది. పెట్టె మీద పేరు చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది. నన్ను దాటి గల్లీ మొదటిదాకా చూసింది.

"ఏడి? ఎనకొస్తున్నడా?"

"సామాను మాత్రమేనమ్మా. ఇక్కడ సంతకం పెట్టండి."

"గట్లనా? అయితే రేపో మాపో దిగుతడు. ఆగన్నా, ఆగు. అత్తా, ఆయన పెట్టె వచ్చింది!" అంటూ లోపలికి పరుగెత్తింది. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పళ్ళెంలో చక్కెర, ఐదు రూపాయల నోటు పట్టుకుని వచ్చింది. "లోపలికి రా అన్నా, కూసో."

ఇంకా మూడిళ్ళు తిరగాలి. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. "వద్దమ్మా, సంతకం పెట్టండి చాలు" అన్నాను. ఆమె పళ్ళెం గడప మీద పెట్టి, నోటు నా చేతిలో కుక్కబోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నీళ్ళన్న తాగు" అంది. "చెప్తోంది మీక్కాదా? నాకేమీ వద్దు! నేను లోపలికి రాను, ఏమీ ముట్టుకోను!" అని కసిరాను.

ఆమె చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ముఖంలో రక్తం లేదు.

"ఎందుకు ముట్టవు?" అంది మెల్లగా. "ఆయనకేమైంది? నిజం చెప్పన్నా, ఏమైంది?"

నాకేమీ అర్థం కాలేదు. "ఏమైందంటే నాకేం తెలుసు?" అన్నాను, ఇంకా విసుగ్గానే. ఆ మాటకి లోపల్నుంచి అత్తగారు ఒక్క కేక పెట్టింది. కొడుకా అని. అలాంటి కేక అంతకు ముందు నేను వినలేదు, ఆ తర్వాత వింటూనే ఉన్నాను. చెంబు, నోటు కింద పడ్డాయి. ఆ అమ్మాయి గడప మీద కూలబడి తల బాదుకోవడం మొదలుపెట్టింది. పక్కిళ్ళవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

కేకలు విని భాయ్ ఉరికొచ్చాడు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. అతను నా చొక్కా పట్టుకుని పక్కకు లాగాడు.

"క్యా కియా సాబ్! ఈ బస్తీల చావుకబురు తెచ్చినోడే గడప తొక్కడు, నీళ్ళు ముట్టడు, పైస తీస్కోడు. వేరే ఇండ్లల్ల మనిషి ముందే వచ్చిండు, ఈడ రాలే. నువ్వు ఏం కబురు చెప్పినవో తెలుసా? జల్దీ లోపలికి పో. తిను, తాగు, పైసలు తీస్కో."

గడప దాటి లోపలికెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కింద పడ్డ నోటు నేనే తీసుకుని జేబులో పెట్టుకున్నాను. పళ్ళెంలో మిగిలిన చక్కెర నోట్లో వేసుకున్నాను. నీళ్ళడిగి తాగాను. ఆమె ఏడుపు ఆపి నా గుటక గుటకనీ చూస్తోంది.

"మంచిగున్నడా?" అంది.

అక్కడ నాకు తెలీదని చెప్పి ఊరుకోవాలి. ఊరుకోలేదు. "బాగున్నాడమ్మా. బొంబాయిలో విమానం తప్పి ఉంటుంది. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తాడు. నాకు కోపమెక్కువ, ఊరికే అరిచాను, క్షమించు" అన్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని నవ్వింది. అత్తగారు నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. ఏడ్చేవాళ్ళను నవ్వించానని తిరుగుదారిలో నేను సంతోషించాను కూడా. ఛీ, తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నెలన్నర తర్వాత ఆమె తమ్ముడు నన్ను వెతుక్కుంటూ విమానాశ్రయానికి వచ్చాడు.

"అన్నా, మా బావ పెట్టె తెచ్చింది నువ్వేనా? బావ లేడన్నా. బొంబాయి దవాఖానల పోయిండు." అతను చెప్పుకొచ్చిందిదీ. విమానం మారడానికి ఆగినచోట మనిషి కుప్పకూలాడు. మోసుకెళ్ళి ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులు బతికాడు. గల్ఫ్‌కి పంపిన ఏజెంటు పాస్‌పోర్టులో ఏదో దొంగ అడ్రసు వేయించాడు. ఆస్పత్రివాళ్ళు ఆ అడ్రసుకు రాశారు, జవాబు లేదు, అక్కడే దహనం చేసేశారు. ఆ కాయితం ఊళ్ళు తిరిగి తిరిగి, ఆఖరికి ఏజెంటు చేతిలో పడి మొన్న ఇల్లు చేరింది. తారీఖు అడిగాను. నేను పెట్టె దించి చక్కెర తిన్న రోజుకి ఆ మనిషి పోయి రెండు రోజులైంది.

"అక్క నమ్ముతలేదు. పెద్దమనుషులు కూసున్నరు, కర్మ చెయ్యనిస్తలేదు, గాజులు ముట్టనిస్తలేదు. 'పెట్టె తెచ్చినన్న మా ఇంట్ల శక్కెర తిన్నడు, ఇనాం తీస్కున్నడు. చెడుకబురైతే ఎట్ల తీస్కుంటడు? కాయితం దొంగది' అంటది. ఒక్కసారి నువ్వొచ్చి చెప్పన్నా. నువ్వు చెప్తేనే వింటదట."

భాయ్ నన్ను వెళ్ళొద్దన్నాడు. "మత్ జావో సాబ్. ఆశ మీద బతుకుతుంది, బతకనియ్యి. నీదేం పోతది?" అతని మాట విని ఉంటే బాగుండేదని ఒకరోజు అనిపిస్తుంది. వెళ్ళకపోతే మనిషినే కాకపోదునని ఇంకోరోజు అనిపిస్తుంది. ఇన్నేళ్ళలో ఒకటీ తేల్చుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున వెళ్ళాను. వరండాలో నలుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. లోపల గోడవారన ఆ పెట్టె, దాన్నానుకుని ఆ అమ్మాయి. నుదుట కుంకుమ అరచేతి వెడల్పున పెట్టుకుంది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, కొత్తవి. పెట్టెకు కట్టిన తాడు కట్టినట్టే ఉంది. ఇంకా తెరవలేదని, తన చేత్తోనే తెరుస్తాడని చెప్పి ఎవరినీ ముట్టనివ్వడం లేదని తమ్ముడు గొణిగాడు.

నన్ను చూడగానే ఆమె లేచి నిలబడింది. "చూడుండ్రి, అన్న వచ్చిండు. అన్నా, చెప్పు వీళ్ళకు. నువ్వు మా ఇంట్ల తిన్నవా లేదా? పైసలు తీస్కున్నవా లేదా?"

"తీసుకున్నానమ్మా."

"విన్నరా?" అంది పెద్దలతో. ఆ గొంతులో గెలుపు ఉంది. అక్కడితో ఆపేసి వచ్చేయొచ్చు. నేను అబద్ధమేమీ చెప్పలేదు కూడా. కానీ ఆమె నా వైపు తిరిగి, "ఆయన మంచిగున్నడని నీకు ఎవలు చెప్పిండ్రు?" అని నమ్మకంగా అడిగింది.

"ఎవరూ చెప్పలేదు" అన్నాను. "నాకేమీ తెలీదమ్మా. పెట్టె కాయితం మీద ఆయన సంతకం కూడా లేదు, అది చూసే బయల్దేరాను. ముందు పొగరుతో వద్దన్నాను. నువ్వేడుస్తుంటే చూడలేక తీసుకున్నాను. బాగున్నాడని నేనే కల్పించి చెప్పాను."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది. రెండూ చేయలేదు. అరచెయ్యి నా ముందుకు చాపింది.

"నా పైసలు నాకియ్యన్నా."

పిచ్చి పట్టిందేమోనని తమ్ముడు ముందుకొచ్చాడు. పెద్దల్లో ఒకాయన అతన్ని ఆపాడు. ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది. మంచికబురుకి ఇచ్చిన ఇనాం అది. అది నా దగ్గరున్నంతకాలం ఆమె మొగుడు బతికే ఉంటాడు. కాయితం రాసినవాళ్ళూ, పెద్దలూ, తమ్ముడూ అందరూ కలిసి చేయలేని పని ఇప్పుడు నేను చేయాలి. జేబులోంచి ఒక ఐదు రూపాయల నోటు తీశాను. నా చెయ్యి ముందుకు పోలేదు. ఇవ్వనని చెప్పి పారిపోదామనిపించింది, నిజం.

"ఇయ్యన్నా" అంది మళ్ళీ, నన్ను బుజ్జగిస్తున్నట్టు.

ఇచ్చాను. ఆమె ఆ నోటు నలిపి కొంగున ముడేసుకుంది. పెట్టె ముందు కూర్చుని తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి బాగా బిగుసుకుపోయింది. తమ్ముడు కత్తి తెస్తానన్నాడు. వద్దంది, ఆయన కట్టిన ముడి అని. గోళ్ళతో విప్పుతుంటే ఆ కొత్త గాజులు చెక్కకు కొట్టుకుని ఒక్కొక్కటిగా చిట్లిపోతున్నాయి. ఆమె ఆగలేదు.