ఏడుసార్లు పంపిన సమ్మతి

మా నాయనకు ఒక జబ్బుండేది. పని అయిందా లేదా అని అడగడు, ఎందుకు చెడిందని అడుగుతాడు. నా పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు గడప దాటకముందే, ఏ సబ్జెక్టు పోయిందని నిలదీశాడు. ఫస్టు క్లాసని చెప్పేందుకు నాకు సందు దొరికేసరికి అరగంట తిట్లు తినేశాను. ఆ జబ్బు నాకు అంటలేదనే అనుకున్నాను.

తొంభైల చివర్లో ఆత్మకూరు బస్టాండు దగ్గర నాకొక ఎస్టీడీ బూత్, అందులో ఒక కంప్యూటరు ఉండేవి. ఫ్యాక్సులు పంపడానికి పెర్ల్ అనే కంప్యూటరు భాషలో నేనే ఒక ప్రోగ్రాం రాసుకుని, ఆ గర్వంతో నేల మీద నడిచేవాణ్ణి కాదు. అప్పుడే ఉదయగిరిలో పెళ్లిచూపులయ్యాయి. అమ్మాయి నెల్లూరులో రొయ్యల కంపెనీ ఆఫీసులో పనిచేసేది. నాకు ఎంత నచ్చిందంటే అన్నం సహించలేదు. మగపెళ్లివాళ్లం, వారమన్నా బెట్టు చేయకపోతే లోకువైపోతామని నాయన పట్టుబట్టాడు. ఎనిమిదో రోజు సంతకం పెట్టి ఒక కాగితం ఇచ్చాడు. 'మాకు సమ్మతమే' అని ఒక్క ముక్క. ఉదయగిరిలో వాళ్లింట్లో ఫోను లేదు గనుక అమ్మాయి ఆఫీసుకే ఫ్యాక్సు పంపమన్నాడు.

ప్రోగ్రాం నడిపాను. మోడెం కీచుకీచుమంది. తెర మీద 'వెళ్లలేదు' అని పడింది. మళ్లీ నడిపాను, వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని నాయన వెనకనించి ఒకటే నస. తిక్కరేగి మొత్తం ఏడుసార్లు నడిపాను.

ఆయన టీకి వెళ్లినప్పుడు నేను రాసింది తీసి చూసుకున్నాను. సిస్టంకు ఒక పని చెబితే, అయిందో లేదో ముందు జవాబిస్తుంది. చెడితే కారణం వేరేచోట రాసిపెడుతుంది. తర్వాతి పని బాగా జరిగినా ఆ చోటును తుడవదు, పాత కారణమే అక్కడ పడి ఉంటుంది. నేను జవాబు చూడకుండా ఆ పాత కారణాన్ని చూసి, చెడిందని తెర మీద రాయించాను. అచ్చం మా నాయన కొడుకునే. అసలు జవాబు చూస్తే ప్రతిసారీ అయిందనే ఉంది, అంటే ఏడూ చేరాయన్నమాట.

వారం రోజుల బెట్టు గంగలో కలిసింది. టీ తాగొచ్చిన నాయనకు సంగతి చెబితే స్టూలు మీద కూలబడి, పిల్లోడికి పిచ్చనుకుంటారు, ఇంక ఆ సంబంధం మీద ఆశ వదులుకోమన్నాడు.

అంతలో ఫోను మోగింది. ఆ అమ్మాయే.

"ఏడు వచ్చినాయి. మా ఆఫీసులో కాగితం చుట్ట అయిపోయింది. ఇంకా వస్తాయా?"

వెనక ఆఫీసంతా నవ్వుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. నాయన రిసీవరు లాక్కున్నాడు. నేనూ దానికి చెవి ఆనించాను. ఔనా కాదా అని అడిగితే ఆయన మా నాయనెట్లా అవుతాడు?

"ఎందుకు వద్దంటుండావమ్మా?"

అవతల అమ్మాయి, నవ్వేవాళ్లను ఊరుకోమని కసిరింది.

"వద్దని ఎవరు చెప్పినారు మామా?"

నాయన రిసీవరు నా చేతిలో పెట్టి, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి కారణం వదిలేసి ఫలితం అడిగాడు.

"ఒప్పుకున్నట్టేనారా?"