మన ఊరి దుమ్ము

తాండూరులో నేను బండలు కోసే మిషన్ మీద పనిచేసినప్పుడు, ‘జర పైలం’, అంటే కాస్త జాగ్రత్త, అనేది మా సేటు ఊతపదం. అణు విద్యుత్ కేంద్రం ఫొటో ఫోన్‌లో కనబడినా చాలు, చేతిరుమాలుతో ముక్కు మూసుకునేవాడు.

“గా అణు కరెంటు విషం కంటికి కనబడది. మనిషిని లోపల్నే తింటది. జర పైలం!” అని మాకు జ్ఞానబోధ చేసేవాడు. అతను చెబుతున్నంతసేపూ రాతిదుమ్ము మా కనురెప్పల మీద పేరుకునేది.

ఒకరోజు మాతో పనిచేసే యాలాల్ ఊరి అక్క ఉండబట్టలేక అడిగేసింది. “కనబడనిదానికి గంత భయపడ్తున్నరు గదా సేటూ, గీ కనబడే దుమ్ముకు మాకు మాస్కులన్న ఇప్పియ్యరాదుండ్రి?”

“దుమ్ముకేమైతది? గిది మన తాండూరు దుమ్మేనాయె!” అన్నాడు ఆ మహామేధావి.

అక్క నవ్వబోయి, ఆగకుండా దగ్గింది. సేటు చప్పున రుమాలు తీసి, తన ముక్కు మూసుకుని, రెండడుగులు వెనక్కి జరిగాడు.