అమ్మ దిగని సీటు

మా చిన్నప్పుడు ఏడాదికి ఒక్క ఆదివారం మా ఊరి రోడ్లన్నీ మూసేసి కార్ల రేసు పెట్టేవాళ్ళు... దానికి వేరే ట్రాకంటూ లేదు. నేను రోజూ స్కూలుకి నడిచెళ్ళే రోడ్డే. మలుపుల దగ్గర గడ్డిమోపులు, పాత టైర్లు పేర్చేవాళ్ళు. పోస్టాఫీసు ముందు మొదలై, డెయిరీ కొట్టు దగ్గర తిరిగి, చర్చి వెనకనుంచి మళ్ళీ పోస్టాఫీసుకి.

ఆక్లాండ్‌కి రెండు గంటల దూరంలో చిన్న ఊరది. మొత్తానికి తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే.

ఆ స్పోర్ట్స్ కార్లు... అబ్బ, ఏం కార్లండీ అవి! పొడుగాటి బానెట్లు, పైన కప్పుండదు, నేలకి ఆనుకుని ఉండేవి. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ స్టార్ట్ చేశారంటే మా వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. ఫిబ్రవరి నడివేసవి ఎండ, కాలిన రబ్బరు వాసన, బ్రెడ్డులో చుట్టిచ్చే సాసేజీల పొగ... ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముక్కుకి తగులుతాయి.

మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మెకానిక్. ఇక్కడ కెన్ అంకుల్ గ్యారేజీలో చేసేవాడు. ఇద్దరూ కలిసి ఓ మూలపడ్డ ఆకుపచ్చ స్పోర్ట్స్ కారుని రెండు చలికాలాలు కష్టపడి బాగుచేశారు. అది మొదటిసారి రోడ్డెక్కేది ఆ రేసు రోజే.

పెద్ద కార్ల రేసు మధ్యాహ్నం. దానికి ముందు భోజనాల విరామంలో, గ్యారేజీల వాళ్ళ పిల్లల్ని ఎక్కించుకుని ఒక రౌండు తిప్పడం అక్కడి అలవాటు. మా కారులో రెండే సీట్లు. ఆ రెండో సీటు నాదేనని నాన్న మాటిచ్చాడు. నాకు తొమ్మిదేళ్ళు... ఇక చెప్పాలా? స్కూలంతా టాంటాం వేసేశాను. రాత్రిళ్ళు నిద్రలో కూడా ఆ కారులోనే తిరిగేదాన్ని.

ఇక అమ్మ. ఈ దేశం వచ్చి నాలుగేళ్ళయినా ఇల్లు, వంట, నేను... అంతే తన లోకం. డ్రైవింగ్ రాదు. ఎవరింటికన్నా వెళ్తే తనకిచ్చిన కేకు ముక్క కూడా నా ప్లేట్లోకే వచ్చేది. నాకు పెట్టకుండా అమ్మ ఏదన్నా తినడం నేను చూడనే లేదు.

కొత్త బండి పూజ లేకుండా రోడ్డెక్కడమేంటని వారం రోజులు నాన్న ప్రాణం తీసింది. ఆ రోజు చీర మీద కార్డిగన్ వేసుకుని, ఇత్తడి తాంబాళంలో పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని వచ్చేసింది. బానెట్‌కి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దుతుంటే జనం చుట్టూ మూగారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

కెన్ అంకుల్ మాత్రం టోపీ తీసి నిలబడ్డాడు. తర్వాత ఏం చెయ్యాలని అడిగాడు. నాన్న ఊరుకోవచ్చు కదా... మా వైపు కొత్త బండిలో ముందు ఇల్లాలు కూర్చుంటుందని నోరు జారాడు. అయితే అదీ కానిద్దాం, సగంలో ఆపితే బాగోదని ఆ పెద్దాయన రెండో సీటు తలుపు తీసి పట్టుకున్నాడు.

అమ్మ ఇరుక్కుపోయింది. పూజ మొదలుపెట్టిందే తను, ఇప్పుడు కాదంటే ఎలా? ఒక్క రౌండే, తర్వాత నువ్వేనని నా బుగ్గ పుణికి ఎక్కింది. కొప్పు ముడి విప్పితేగానీ హెల్మెట్ పట్టలేదు.

కెన్ అంకుల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నిమ్మకాయలు చితికాయి. కారు వెళ్ళిపోయింది...

నేను గడ్డిమోపు మీద నిలబడి ఆ చప్పుడు వింటున్నాను. డెయిరీ దాకా గట్టిగా, చర్చి వెనక సన్నగా, కాసేపు అసలేమీ లేకుండా... మళ్ళీ మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చింది. ఎండలో రోడ్డంతా నీళ్ళలా మెరుస్తోంది. ఆ మెరుపులోంచి ఆకుపచ్చ కారు తేలుతూ వచ్చి పోస్టాఫీసు ముందు ఆగింది.

నాన్న నన్ను ఎత్తుకుని పరిగెత్తాడు. కెన్ అంకుల్ అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. బాగా, తేరిపార చూసింది. చూసి... ముందుకి తిరిగి, రోడ్డు వైపు చెయ్యి చూపించింది.

రెండో రౌండు కూడా అమ్మే వెళ్ళింది!

వాళ్ళు తిరిగొచ్చేసరికి విరామం అయిపోయిందని విజిల్ ఊదేశారు. నేను రోడ్డు మీదే కూలబడి ఏడ్చాను. అమ్మ దిగింది. జుట్టంతా రేగిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతూ... నవ్వుతోంది. అమ్మ అలా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు. నన్ను ఓదార్చనైనా లేదు మహాతల్లి.

వచ్చే ఏడు నీదేనని కెన్ అంకుల్ మాటిచ్చాడు. వచ్చే ఏడు రేసే లేదు. రోడ్లు మూస్తే ఇబ్బందని ఊళ్ళో కొందరు గొడవ చేస్తే ఆపేశారు. ఆ కారునీ ఎవరికో అమ్మేశారు. నేను దాన్లో ఎప్పటికీ ఎక్కలేదు.

ఆ కోపం నా లోపల చాలా ఏళ్ళే ఉండిపోయింది.

ఇప్పుడు ఆక్లాండ్ శివార్లలో, టకానినిలో ఉంటున్నాం. అమ్మ నాతోనే ఉంటుంది. మొన్న మోటర్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పక్కనుంచి ఒక ఎలక్ట్రిక్ కారు చప్పుడు లేకుండా జరిగింది. దీనికి ప్రాణమే లేనట్టుందని అమ్మ గొణిగింది. అప్పుడు అడిగేశాను, ఆ రోజు ఎందుకు దిగలేదని.

అమ్మ కిటికీలోంచి ఆ కారు వెళ్ళిన వైపే చూస్తోంది. మరిచిపోయిందేమో అనుకున్నాను.

"దిగితే మళ్ళీ మీ అమ్మనైపోతాను కదే... ఇంకొక్క రౌండు అలాగే ఉందామనిపించింది."

ఇన్నేళ్ళూ నా సీటు పోయిందనే ఏడ్చాను గానీ, అమ్మకి మొత్తం మీద దక్కింది ఆ రెండు రౌండ్లేనని ఒక్కసారీ తోచలేదు. సిగ్గేసింది.

ఇప్పుడా ఊళ్ళో అడుగడుక్కీ స్పీడు బ్రేకర్లేనట. ఆ చప్పుడు విన్నవాళ్ళు కూడా ఎక్కువమంది మిగల్లేదు...

మీ అమ్మ మీకు పెట్టకుండా తన కోసం ఉంచుకున్నది ఒక్కటన్నా ఉందా? గుర్తొస్తే కింద రాయండి. గుర్తు రాకపోతే... ఇవాళ ఆవిడనే అడిగి చూడండి.