బాధ కింద గీత

పాత ఇనుము పగలగొట్టే యార్డులో ఆమెను అందరూ సమ్మెటమ్మ అనేవారు. మగవాళ్లే ఆయాసపడే సమ్మెటను అలవోకగా భుజం దాటించి దించేది. అక్షరం ముక్క రాదు. మొగుడు పదో తరగతి దాకా చదివాడు. ఒత్తక్షరాలన్నీ గట్టిగా ఊపిరి వదులుతూ పలికేవాడు. "మాట్లాడుతున్నావా, రొప్పుతున్నావా?" అని ఆటపట్టించేది.

ఒకరోజు క్రేను గొలుసు జారి ఉక్కు దూలం మొగుడి తొడ మీద పడింది. క్రేను నడిపేది ఆమె సొంత తమ్ముడు. వాడు కిందికి దూకేసరికి మరిది ఇనుప రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకు తమ్ముడి చెవి చిట్లింది. దూలం కింద నుంచి మొగుడు మరిదిని చూస్తూ గొంతు చించుకున్నాడు. ఆమెకు "బాదరా, బాదరా!" అని వినబడింది. రెండో దెబ్బకు తమ్ముడి తల పగిలింది. మూడోది పడకుండా ఆమె సమ్మెటతో మరిది చెయ్యి విరగ్గొట్టింది. అప్పటికే తమ్ముడి ప్రాణం పోయింది.

కోర్టులో విన్నది విన్నట్టు చెప్పింది.

"నొప్పి తట్టుకోలేక బాధరా అన్నానే!" అని మొగుడు బోనులోంచి అరిచాడు.

ఆమెకు రెండూ ఒకేలా వినబడ్డాయి. "చంపించి బొంకుతావా?" అని అతని వైపు ఉమ్మేసింది. మరిదికి యావజ్జీవం, మొగుడికి పదేళ్ల శిక్ష పడింది.

ఆరేళ్ల తర్వాత యార్డు ఆడవాళ్లకు అన్నాల వేళ చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వచ్చింది. ఒకనాడు బోర్డు మీద 'బాదు', దాని పక్కనే 'బాధ' రాసింది. "అక్షరం కింద ఈ చిన్న గీత ఉందే, అదే ఊపిరి."

ఆనాటి నుంచి సమ్మెటమ్మకు అందరి నోళ్లలోనూ ఒత్తులు వినబడసాగాయి. పలకనివాళ్ల నోళ్లలో కూడా. దూలం కింది ఆ కేకకూ గీత వచ్చి చేరింది. పంతులమ్మను అటు తిరిగి నిలబడి రెండు మాటల్నీ కలగాపులగంగా పదిసార్లు అనమంది. ఏది ఏదో తాను నాలుగుసార్లు తప్పు చెప్పింది. అప్పుడు జరిగిందంతా పంతులమ్మకు చెప్పింది.

"మరి ఆరోజు ఆయనన్నది ఏది, పంతులమ్మా?"

"నేనెలా చెప్పగలనమ్మా? ఇప్పుడు నువ్వు వినేటప్పుడు రాత కూడా కనబడుతోంది."

జైలుకు వెళ్లి, "ఆ మాట మళ్లీ ఒకసారి అను" అంది. అతను ఊచలకేసి నుదురు బాదుకున్నాడు. "బాధ! బాధ! ఎన్నిసార్లు చెప్పాలే?" నెత్తురు కళ్లలోకి కారుతుంటే వార్డర్లు ఈడ్చుకుపోయారు.

మొగుడి కేసు మళ్లీ విచారించమని తన చేత్తోనే కోర్టుకు అర్జీ రాసుకుంది. జడ్జి అడిగాడు: "నువ్వు విన్నది తప్పేనా?"

"తెలీదు బాబూ. అప్పుడు చదువులేని చెవితో విన్నా. ఇప్పుడా చెవి నాకు లేదు."

అర్జీ కొట్టేశారు. మొగుడు శిక్షంతా అనుభవించాడు. విడుదలైన రోజు గేటు బయట ఆమెను చూడగానే కాలీడ్చుకుంటూ వచ్చి చెయ్యెత్తాడు. ఆమె ఆ మణికట్టును గాల్లోనే పట్టుకుంది. ఎముక కలుక్కుమనేదాకా పట్టుకుని, వదిలేసింది. అతను రోడ్డు పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె వెళ్లి ఆటో పిలుచుకొచ్చింది.