కరెంటు చూడమన్నారు

మా మిలిటరీ లారీ మాదాపూర్ చేరేసరికి పొద్దున పది దాటింది. మే నెల. చుట్టూ బండరాళ్లు, ఎర్రమట్టి, సీతాఫలం పొదలు. మధ్యలో కొత్త అద్దాల భవనం. ప్రారంభించడానికి ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తాడట. టెలిఫోన్ తెగితే అక్కరకు రావాలని వైర్‌లెస్ సెట్టు పెట్టమన్నారు. ఒక ఆపరేటరు, ఒక డ్రైవరు, రేడియో మెకానిక్‌గా నేను. తొంభైల చివరి సంగతి.

మంచులో చేశాను, ఎడారిలో చేశాను. జనం వాటి గురించే అడుగుతారు. తలుచుకుంటే ఒళ్లు మండే డ్యూటీ మాత్రం ఇదే. సరిహద్దులో శత్రువుకైనా కాస్త బుర్ర ఉండేది.

భవనంలో కరెంటు వ్యవహారాలకు ఒక ఇన్‌చార్జి. మెడలో టై, నడుముకు పేజర్. పూలకుండీలు ఎక్కడ పెట్టాలో ఆయనకు బాగా తెలుసు. ఆయన కింద ఎలక్ట్రీషియన్ మల్లేశ్, చందానగర్ మనిషి. మాకు నీళ్లు, నీడ చూపించి, లైను లాగి ఇచ్చింది అతనే.

మధ్యాహ్నం ఆపరేటరు కేకేశాడు. "బ్యాటరీ పడిపోతోంది. ఛార్జరు వెలగట్లేదు!"

మల్లేశ్, నేను సెల్లార్‌లోని ప్యానెల్ దగ్గరికి దిగాం. వెనకే టై ఆయన వచ్చాడు.

"కరెంటు ఎంతుందో చూడవయ్యా."

"వోల్టేజా సార్, కరెంటా?"

"కరెంటయ్యా! తెలుగు రాదా నీకు?"

మన ఇళ్లలో అన్నీ కరెంటే. పోయినా కరెంటే, కొట్టినా కరెంటే. మల్లేశ్ చేతిలోని మీటరుకు ఆ సౌకర్యం లేదు. వోల్టేజి చూడాలంటే ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలో ఉండాలి, మీట పెద్ద రేంజిలో పెట్టి మొదలుపెట్టాలి. కరెంటు కొలవాలంటే ముందు సరఫరా ఆపి, లైను ఒకచోట విడదీసి, ఆ సందులో మీటరు కలపాలి. ఎర్ర తీగ ఆంపియర్ల రంధ్రంలో ఉన్నంతసేపూ మీటరు వట్టి తీగముక్కే. దాన్ని అలాగే ప్యానెల్‌కు ఆనిస్తే షార్టు సర్క్యూట్.

మల్లేశ్‌కు అనుమానమైనా వచ్చింది. టై ఆయనకు అదీ రాలేదు. మల్లేశ్ ఎర్ర తీగ పీకి ఆంపియర్ల రంధ్రంలో గుచ్చి, మీట కూడా అటే తిప్పాడు.

"ఆగన్నా, వోల్టేజికి పెట్టు!" అన్నాను.

"మీ సెట్టు మీరు చూసుకోండి. మా బిల్డింగు మాకు తెలుసండి," అన్నాడు టై ఆయన. మల్లేశ్ వైపు తిరిగి, "ఊఁ, కానీయ్!"

మీటరు తీగల మొనలు ప్యానెల్‌కు తగిలాయి. తెల్లటి మంట. చెవులు గింగురుమనే చప్పుడు. మల్లేశ్ ముఖం పట్టుకుని కూలబడ్డాడు.

"సార్, కండ్లు కనవడ్తలేవు. జర దవాఖానకు తీస్కపోండి."

టై ఆయన అప్పటికే మెట్ల మీదున్నాడు. మా లారీలోనే తీసుకెళ్లాం.

తరవాత చూస్తే ప్యానెల్ బాగానే ఉంది. మా ప్లగ్గులో తీగ ఊడిందంతే.

ప్రారంభం బ్రహ్మాండంగా జరిగింది. ఫొటోలో పెద్దాయన వెనకే టై ఆయన నిలబడ్డాడు. "నా ఉద్దేశం వోల్టేజేనండి, వాడే అర్థం చేసుకోలేదు," అని నాకు చెప్పాడు. ఆ ముఖం చూస్తే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

యూనిట్‌కు తిరిగి వెళ్లేరోజు దవాఖానకు వెళ్లాను. ఒక కన్నైనా దక్కుతుందేమో కట్టు విప్పితేగానీ తెలియదన్నారు. నా గొంతు విని మల్లేశ్ లేచి కూర్చున్నాడు.

"సార్, వోల్టేజికి ఎటు తిప్పాలె?"

చెప్పాను. కళ్లకు కట్టుతోనే, లేని మీటను గాలిలో మూడు వేళ్లతో పట్టుకుని తిప్పాడు.

"గిట్లనేనా?"

అలాగే అన్నాను. వేళ్లు వెనక్కి తెచ్చి, మళ్లీ తిప్పాడు. పెన్షన్ తీసుకుంటూ ఇంట్లో కూర్చున్నా, ఆ వేళ్లు నా కళ్లముందు తిరుగుతూనే ఉన్నాయి.